మేడం జడ్జి కాదట

4, సోమవారం

మేడం జడ్జి కాదట.

ఇస్త్రీ చేస్తూ విన్నాను. ఇద్దరు లాయర్లు మా ఇస్త్రీషాపు కౌంటరు మీద మోచేతులు ఆనించి, కోట్ల కోసం చూస్తూ మాట్లాడుకుంటున్నారు. అందులో ఒకాయన మేం గొంతు లాయరు అనుకునే ఆయన. నాన్న తరపున వాదించేది ఆయనే. ఆయన రహస్యం చెప్పినా రోడ్డవతలికి వినపడుతుంది.

"గవర్నరు సంతకం పెట్టేస్తే జడ్జి అయిపోతుందా? మధ్యలో ఆపకుండా ఏడేళ్ళు ప్రాక్టీసు చేసుండాలని రూలు. ఆవిడ చెయ్యలేదు. మా సంఘం హైకోర్టులో కేసేసింది. ఆ సంతకం కొట్టేయిస్తాం."

"మరి ఆవిడ ఇచ్చిన ఆర్డర్ల సంగతి?" అన్నాడు రెండో ఆయన.

"చిత్తుకాగితాలు."

నల్లకోటు మీద తడిగుడ్డ వెయ్యకుండా ఇస్త్రీపెట్టె పెడితే మెరుపొస్తుంది. ఆ మెరుపు ఓ పట్టాన పోదు. పిన్ని నాకు మొదట నేర్పింది అదే. ఇవాళ నా చెయ్యి ఆగిపోయింది. చూసేసరికి కాలరు మీద అరచెయ్యంత మెరుపు.

"ఏ లోకంలో ఉన్నావురా," అని పిన్ని పెట్టె లాక్కుంది.

కోటు గొంతు లాయరుదే. ఆయన చూసుకోలేదు. వేసుకుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి చూస్తే మెడ దగ్గర తళతళా.

మా ఆర్డరు కూడా చిత్తుకాగితమేనా?

5, మంగళవారం

నాకేం భయం లేదు.

6, బుధవారం

పని తక్కువ. షాపులో నేనొక్కణ్ణే. చెల్లి స్కూల్లో ఉంది. పిన్ని బట్టలివ్వడానికి వెళ్ళింది.

మేడం నన్ను అడిగిన రోజు సంగతి ఈ ఫోనులో ఎప్పుడూ కొట్టలేదు. కొట్టి పెట్టుకుంటాను. మళ్ళీ అడిగితే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి కదా.

మేడం తన గదిలోంచి అందరినీ బయటికి పంపేసింది. నాన్నని, పిన్నిని, లాయర్లని, అందరినీ. టేబులు మీద మంచినీళ్ళ గ్లాసు, దాని మీద మూత. మేడం గొంతు గరగరలాడుతుంది, జలుబు చేసినట్టు. "బాబూ, నువ్వూ మీ చెల్లీ ఎవరి దగ్గర ఉండాలనుకుంటున్నారు? నాన్న దగ్గరా, పిన్ని దగ్గరా?" అంది.

నాకు మాట రాలేదు. ఎప్పుడూ అంతే. లోపల మాటలన్నీ ఉంటాయి. గొంతు దగ్గరికి రాగానే రద్దీ బస్సులో తలుపు దగ్గర జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక్కటీ దిగదు. ఎదుటివాళ్ళు నా మొహంలోకి చూస్తే ఇంకా తోసుకుంటాయి.

మేడం కుర్చీ తిప్పేసి కిటికీ వైపు కూర్చుంది. వీపు మాత్రమే కనపడుతోంది. "ఫోనుందా? అందులో కొట్టు. నాకేం తొందర లేదు," అంది.

నేను ఇలా కొట్టాను. పిన్ని దగ్గర ఉంటాను. చెల్లి కూడా. నాన్నంటే కోపం లేదు.

మేడం చదివింది. "ఇది నువ్వే అనుకున్నావా, ఎవరైనా నేర్పారా?" అంది. ఫోను తీసుకుని "నేనే" అని కొట్టాను. నవ్వింది. ఆర్డరు ఇచ్చింది. కేసు తేలేదాకా ఇద్దరూ పిన్ని దగ్గరే. ఆదివారాలు నాన్న వచ్చి చూడొచ్చు.

అప్పట్నుంచే నా నంబరుకి నేనే మెసేజి కొట్టుకుంటున్నాను. ఇది ఎవరికీ చూపించను. అవతల ఎవరూ లేరని తెలుసు. అయినా కుర్చీ తిప్పుకుని ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది.

8, శుక్రవారం

మడత లాయరు వచ్చాడు. మా తరపు లాయరు. ప్యాంటుకి మడత కత్తిలా లేకపోతే తీసుకోడు. అందుకే పిన్ని ఆ పేరు పెట్టింది. ఆయనకీ తెలుసు.

"లాయరుబాబూ, ముందా సంగతి చెప్పు, తర్వాత ప్యాంటు," అంది పిన్ని.

"ప్యాంటు ఇవ్వక్కా, అది లేకుండా ఏం చెప్పినా ఎవరూ వినరు."

"నవ్వే ఓపిక లేదు."

అప్పుడు కూర్చున్నాడు. గవర్నరు జడ్జిని పెట్టాలంటే ముందు హైకోర్టుని అడగాలట. అడగలేదట. పైగా ఏడేళ్ళ ప్రాక్టీసులో మేడం మధ్యలో ఏడాది పైన ఆపేసిందట. ఆపిందని లాయర్ల సంఘం, ఆపలేదని గవర్నరు వైపువాళ్ళు.

పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇదిగో, నాకు చదువు లేదు. ఒకటి చెప్పు. బస్సెక్కాం. ఊరు చేరాం. దిగాక తెలిసింది డ్రైవరుకి లైసెన్సు లేదని. అప్పుడు వెనక్కెళ్ళి మళ్ళీ నడిచి రావాలా?"

"అక్కర్లేదక్కా. దిగినవాళ్ళు దిగినట్టే. కోర్టులూ అదే అంటాయి. ఆవిడ తీర్పు చెప్పేసిన కేసులకి ఢోకా ఉండదు."

"హమ్మయ్య. మరింకేం?"

"మీరు దిగలేదు. మీది కేసు తేలేదాకా అని ఇచ్చిన ఆర్డరు. మీరింకా బస్సులోనే ఉన్నారు."

పిన్ని ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చిలకరించింది. చుయ్‌మంది.

"మేడం పోతే?" అంది.

"కొత్త జడ్జి వస్తాడు. మళ్ళీ అడుగుతాడు." నా వైపు చూశాడు. "చిన్నదానికి తొమ్మిదే కాబట్టి దాని మాటకి అంత బరువుండదు. వీడికి పదహారు. వీడి మాటే ముఖ్యం. నోరు తెరిచి చెప్తే చాలు. ఏరా, చెప్తావుగా?"

తల ఊపాను.

"అదే. తల ఊపితే రాసుకోరు," అన్నాడు. ప్యాంటు మడత వేలితో తడిమి చూసుకుని వెళ్ళిపోయాడు.

10, ఆదివారం

నాన్న వచ్చాడు. రేవులో క్రేను నడుపుతాడు. అంత ఎత్తున ఒక్కడే గంటలకి గంటలు కూర్చుని, కిందికి దిగాక ఆ మాటలన్నీ ఒకేసారి మాట్లాడతాడు. అమ్మ ఉన్నప్పుడు అనేది, "మీ నాన్న నీ వాటా కూడా మాట్లాడేస్తున్నాడురా" అని.

అమ్మ పోయాక మమ్మల్ని పిన్ని దగ్గర వదిలాడు. రెండు నెలలన్నాడు. రెండేళ్ళయింది. ఈ మధ్యలో పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు రమ్మంటున్నాడు. ఆవిడ కూడా మంచిదే. పోయినసారి చెల్లికి జడ వేసింది.

టీకొట్టుకి తీసుకెళ్ళాడు. "ఏం తాగుతావు?" అన్నాడు. నేను "ట" దగ్గరే ఉన్నాను. "పాలు. వీడికి పాలివ్వు. బెల్లం వద్దు, చక్కెర ఎక్కువ వెయ్యి." పాలు తాగాను. చెప్పుల కొట్లో నేను మామూలు చెప్పుల వైపు చూస్తుంటే "బూట్లు. వాడి కళ్ళు చూడు, బూట్ల మీదే ఉన్నాయి," అన్నాడు. బూట్లు కొన్నాడు. షాపులో ఇస్త్రీ దగ్గర రోజంతా నిలబడాలి. బూట్లతో కాళ్ళు ఉడికిపోతాయి. కానీ బాగున్నాయి. ఖరీదైనవి.

తర్వాత అన్నాడు, "ఆ జడ్జి పోస్టే చెల్లదటరా. మళ్ళీ అడుగుతారు నిన్ను. నాన్న దగ్గర ఉంటానని చెప్తావుగా?"

"నే..."

"నేనొచ్చేస్తా నాన్నా అంటున్నాడు చూడు."

"వాడింకా ఏమీ అనలేదు నాన్నా," అంది చెల్లి. అది వాగుడుకాయ. దేనికీ బెదరదు.

"వాడు అనక్కర్లేదే. వాడి కడుపులో ఏముందో నాకు తెలీదా?"

నాన్నంటే కోపం లేదు. నిజంగా లేదు. నాన్న దగ్గర ఉంటే నాకు నోటితో పని ఉండదు, అంతే. నాలుగు రోజులు పోతే నా మాట ఏదో నాన్న మాట ఏదో నాకే తెలీదు. పిన్ని అలా కాదు. నేను ఏదైనా మొదలుపెడితే తన పాటికి తను ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది. రెండు చొక్కాలయ్యాక మాట వస్తుంది. "ఊఁ" అంటుంది.

12, మంగళవారం

స్నానాల గదిలో కొళాయి తిప్పి చెప్పి చూశాను. వచ్చింది. మూడు మాటలూ వచ్చాయి. ఇంకేం భయం లేదు.

మధ్యాహ్నం పిన్ని ముందు చెప్దామనుకున్నాను. రాలేదు. గొంతు బాలేదు ఇవాళ.

14, గురువారం

హైకోర్టుకి వెళ్ళాను. మడత లాయరు గౌను ఇవ్వడానికి వెళ్ళి, ఆయన రమ్మంటే లోపలికెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. బూట్లు వేసుకెళ్ళాను. నడుస్తుంటే టకటకా చప్పుడు. అందరూ చూశారు. అందరూ చూడలేదు, ఒకాయన చూశాడు.

పైన ముగ్గురు జడ్జీలు. మేడం రాలేదు. ఆవిడ గురించి ఇంతమంది మాట్లాడుతున్నారు, ఆవిడ మాత్రం లేదు.

గొంతు లాయరు నిలబడ్డాడు. కోటు మీద నా మెరుపు ఇంకా ఉంది. "ప్రాక్టీసంటే ఏమిటండి? కోర్టులో నిలబడి వాదించడం. ఆ ఏడాదిలో ఈవిడ ఏ కోర్టులోనూ నోరు విప్పి ఒక్క మాటైనా మాట్లాడారా? లేదు," అన్నాడు.

మధ్యలో కూర్చున్న జడ్జి, "ఎందుకు మాట్లాడలేదు?" అన్నాడు.

గవర్నరు వైపు లాయరు లేచాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. "గొంతుకి ఆపరేషనయిందండి. మాట పోయింది. మళ్ళీ వస్తుందో రాదో డాక్టర్లే చెప్పలేకపోయారు. అయినా రోజూ కోర్టుకొచ్చారు. సీనియరు వెనక కూర్చుని చీటీలు రాసి అందించేవారు. ఆయన అవి చూసి వాదించేవారు. అది ప్రాక్టీసు కాకపోతే మరేమిటండి?"

నేను బల్ల అంచుకి జరిగాను.

"పాపమే," అన్నాడు గొంతు లాయరు. "జాలిపడాల్సిందే. గవర్నరుగారు జాలిపడ్డారు కూడా. కానీ రూలుకి జాలి ఉండదు. చీటీ రాసిచ్చినంత మాత్రాన వాదించినట్టయితే, మా గుమాస్తాలంతా జడ్జీలవ్వాలి."

కొందరు నవ్వారు. మడత లాయరు కూడా కొంచెం నవ్వాడు. నేను చూశాను.

సన్నటాయన, "గవర్నరుగారికి ఆ అధికారం ఉంది," అన్నాడు. పక్కనున్న ఆడజడ్జి, "ఉంటే చూపించండి. రూలు సడలించొచ్చని ఎక్కడుంది?" అంది. ఆయన పుస్తకం తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు నాకు తెలుసు.

ఆయనకి దొరకలేదు. తీర్పు తర్వాత చెప్తామని లేచారు.

ఇప్పుడు తెలిసింది కుర్చీ ఎందుకు తిప్పిందో.

15, శుక్రవారం

మాట్లాడకపోతే పని చేసినట్టు కాదట.

17, ఆదివారం

నాన్న రాలేదు. ఓడ వచ్చిందట, డ్యూటీ ఉందట. ఫోను చేశాడు. నేను ఎత్తి "నా" అనగానే "నాన్నా అన్నం తిన్నావా అనేగా, తిన్నానురా," అన్నాడు. నేను అడగబోయింది అదే. అప్పుడప్పుడు సరిగ్గానే చెప్తాడు.

అప్పుడప్పుడే.

19, మంగళవారం

చెల్లి ఒక ఉపాయం చెప్పింది. "నువ్వు నోరు కదుపు అన్నయ్యా, నేను నీ వెనకాల నిలబడి మాట్లాడతా."

"మీసం వస్తున్న మగాడికి నీ గొంతేమిటే," అంది పిన్ని.

"జలుబు చేసిందంటాం."

పిన్ని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. తర్వాత లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

22, శుక్రవారం

గవర్నరు సంతకం చెల్లదన్నారు.

మడత లాయరు కోర్టునుంచి తిన్నగా షాపుకే వచ్చాడు. చదివినట్టు చెప్పాడు. హైకోర్టుని అడగకుండా పెట్టడం తప్పు. మాట్లాడని ఏడాది లెక్కలోకి రాదు. రూలు సడలించే అధికారం గవర్నరుకి లేదు. మేడం ఇవాళ్టినుంచి జడ్జి కాదు. ఆవిడ చెప్పేసిన తీర్పులు మాత్రం అలాగే ఉంటాయి, నమ్మి వచ్చిన జనం తప్పేం లేదు కాబట్టి.

"దిగినవాళ్ళు దిగినట్టే," అంది పిన్ని.

"ఆఁ. లోపలున్నవాళ్ళు మాత్రం వేరే బస్సెక్కాలి. మన తేదీ ఎలాగూ ఇరవై తొమ్మిదే ఉంది. అది మారదు. కొత్తాయన కూర్చుంటాడు."

"కొత్తాయన ఎలాంటివాడు?"

"ఫోన్లు లోపలికి రానివ్వడు," అన్నాడు.

23, శనివారం

నాకేం భయం లేదు.

24, ఆదివారం

నాన్న సంబరంగా వచ్చాడు. పిన్ని ఎదురుగా మాత్రం సంబరం కనపడకుండా, "తీర్పు వచ్చిందట కదా అమ్మాయ్," అన్నాడు.

"వచ్చింది బావా. మంచినీళ్ళు తాగుతావా?"

తాగాడు. గోడవైపు చూస్తూ అన్నాడు, "నిన్ను తక్కువ చెయ్యడం కాదు. నువ్వు లేకపోతే వీళ్ళేమయ్యేవాళ్ళో నాకు తెలుసు. కానీ నా పిల్లలు నా ఇంట్లో ఉండాలి కదా."

"నేను కాదన్నానా? వాళ్ళనడుగు."

"అడిగేదేముంది," అన్నాడు నాన్న.

తర్వాత నాకు ఫోనులో ఫొటోలు చూపించాడు. మా కోసం గది కట్టించాడట. రెండు మంచాలు, కిటికీ, గోడకి నీలం రంగు. "నీకు నీలం ఇష్టం కదా." నాకు నీలం ఇష్టమో కాదో నాకే తెలీదు. కానీ రంగు నాన్నే వేశాడట, సెలవు పెట్టి. ఒక ఫొటోలో నాన్న గోడ ముందు నిలబడి ఉన్నాడు. మీసానికి నీలం రంగు అంటింది.

ఆ ఫొటో నాకు పంపమని అడగాలనుకున్నాను.

ఆ మీసం చూశాక ఎలా చెప్పను.

25, సోమవారం

మేడం షాపుకొచ్చింది.

మొదట పోల్చుకోలేదు. మామూలు చీరలో ఉంది, చేతిలో సంచి. సంచిలోంచి నల్లకోటు తీసి కౌంటరు మీద పెట్టింది. జడ్జి గౌను కాదు. పాత లాయరు కోటు, చాలా ఏళ్ళు పెట్టెలో ఉన్నట్టుంది, కలరా ఉండల వాసన. మళ్ళీ లాయరుగా వాదిస్తుంది కాబోలు.

నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఏమీ అడగలేదు. కేసు గురించి అడగకూడదేమో.

"ఎప్పటికిస్తావు?" అంది. అదే గరగర గొంతు.

"సా..."

పిన్ని లేదు. ఇంకెవరూ లేరు. మేడం పక్కకి తిరిగి రోడ్డు మీద బళ్ళు చూస్తూ నిలబడింది. ఒక బండి వెళ్ళింది. ఇంకోటి వెళ్ళింది. నేను కోటు బొత్తాలు పెట్టాను, విప్పాను.

"సా...యంత్రం."

"సరే. సాయంత్రం వస్తా," అంది.

తడిగుడ్డ రెండు మడతలు వేసి చేశాను. ఒక్క మెరుపు లేదు. మోచేతి దగ్గర చిన్న కుట్టు ఊడితే పిన్ని కుట్టింది. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళింది. ఆమెకి చెప్పాలనుకున్నది చాలా ఉంది. గౌను పోయినందుకు బాధగా ఉందని చెప్పాలనుకున్నాను. చీటీల గురించి కూడా.

"బాగా చేశావు," అని వెళ్ళిపోయింది.

28, గురువారం

నాకేం భయం లేదు. చెల్లికే భయంగా ఉన్నట్టుంది.

చెల్లి గుమ్మంలో కూర్చుని తాడుకి ముడులు వేసుకుంటూ పాట పాడుకుంటోంది.

29, శుక్రవారం, పొద్దున

ఫోను పిన్ని దగ్గర పెట్టి వెళ్ళాలి. పిన్ని దగ్గర ఉంటాను. చెల్లి కూడా. నాన్నంటే కోపం లేదు. పిన్ని దగ్గర ఉంటాను. చెల్లి కూడా. నాన్నంటే కోపం లేదు. పిన్ని దగ్గ

29, సాయంత్రం

జరిగిందంతా ఫోనులో కొట్టేస్తాను. ఇప్పుడే కొట్టెయ్యాలి.

నేను అనుకున్నది ఏమిటంటే, గదిలోకి పిలుస్తారు, జడ్జి ఒక్కడే ఉంటాడు, ఎలాగో చెప్పేస్తాను అని. కానీ గొంతు లాయరు లేచి, "పోయినసారి తలుపులేసుకుని, ఫోనులో రాయించుకున్నారు. తండ్రికి అన్యాయం జరిగింది. ఈసారి అందరి ముందూ, తండ్రి ఎదురుగా, నోటితో చెప్పించండి," అన్నాడు. మడత లాయరు వద్దన్నాడు. పిల్లాడు బిడియస్తుడండి అన్నాడు. కొత్త జడ్జి కళ్ళజోడు తుడుచుకుని, "అందరి ముందే అడుగుదాం. మళ్ళీ ఎవరూ వంక పెట్టకుండా," అన్నాడు.

హాలు నిండా జనం. వాళ్ళవాళ్ళ కేసుల కోసం వచ్చినవాళ్ళు. నన్ను బోనులోకి ఎక్కమన్నారు. బూట్లు టకటకా అన్నాయి. నాన్న సరిగ్గా ఎదురుగా, ముందు వరసలో. పిన్ని గుమ్మం దగ్గర, చెల్లి చెయ్యి పట్టుకుని.

"ఎవరి దగ్గర ఉంటావు బాబూ?"

నోరు తెరిచాను.

"పి..."

అక్కడే ఆగిపోయింది. అన్నీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాయి. ఫ్యాను చప్పుడు వినపడుతోంది. టైపు చేసే ఆవిడ వేళ్ళు గాల్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. జడ్జి చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. ఇక్కడ కుర్చీ తిప్పుకునేవాళ్ళు ఎవరూ లేరు.

"పి... పి..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చెమట కంట్లో పడింది. నాన్నని చూశాను. నాన్న మొహం నాకన్నా ఘోరంగా ఉంది. నా నోటితో పాటు నాన్న నోరు కూడా కదులుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. నవ్వినవాడి వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"పి..."

"పిన్ని," అన్నాడు నాన్న. లేచి నిలబడిపోయాడు. "పిన్ని దగ్గర ఉంటానంటున్నాడండి."

హాలంతా ఒక్కసారి కదిలింది. గొంతు లాయరు నాన్న చొక్కా పట్టుకుని లాగాడు. "మీరెందుకు మాట్లాడారండి? కూర్చోండి." మొదటిసారి ఆయన గొంతు బోను దాకా మాత్రమే వినపడేంత మెల్లగా వచ్చింది.

"వాడు చెప్పలేకపోతున్నాడు కదండీ," అన్నాడు నాన్న. అన్నాక అప్పుడు అర్థమైంది నాన్నకి, తను ఏమన్నాడో. కూర్చున్నాడు. నెమ్మదిగా, క్రేను కొక్కెం దించినట్టు.

జడ్జి, "మీరు చెప్తే నేను రాసుకోకూడదు. అబ్బాయే చెప్పాలి. బాబూ, మీ నాన్న అన్నదేనా నీ మాట?" అన్నాడు.

"అ... అవును," అన్నాను. "పిన్ని దగ్గర. చెల్లి కూడా."

వచ్చేసింది. ముందువాడు దిగితే వెనకవాళ్ళకి దారి దొరికినట్టు. టైపు చప్పుడు మొదలైంది.

"ఇంకేమైనా చెప్తావా?"

"నాన్నంటే కో..."

మళ్ళీ పట్టేసింది. నాన్న తల వంచుకుని ఉన్నాడు. ఆ మాట నాన్న పూర్తి చెయ్యలేదు. "కోపం" అన్నాను. నాన్న భుజాలు ఇంకా కిందికి దిగాయి. అప్పుడు నాకు కంగారు పుట్టింది, అక్కడితో అయిపోయిందనుకుంటారేమో అని. జడ్జి లేచిపోతాడేమో అని. మిగతా రోజంతా ఒకెత్తు, ఆ కాసేపూ ఒకెత్తు. నాన్న అలాగే ఆగాడు.

"లేదు," అన్నాను.

నాన్న తలెత్తాడు.

ఇక మిగతాది మడత లాయరు చెప్పాడు బయటికొచ్చాక. ఇది తాత్కాలికం కాదు, ఇదే తీర్పు. నాకు పద్దెనిమిది వచ్చేదాకా పిన్ని దగ్గరే, చెల్లీ అంతే. సెలవుల్లో నాన్న దగ్గర. పిన్ని ఆయన మాట పూర్తిగా వినకుండానే మెట్ల మీద కూర్చుండిపోయింది. చెల్లి పిన్ని మెడ పట్టుకుని ఊగుతోంది. "దిగామా పిన్నీ? దిగామా?" అంటోంది.

నాన్న గేటు దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. నేను వెళ్ళాను. కాసేపు ఇద్దరం రోడ్డు చూశాం.

"నీలం గది అలాగే ఉంచుతాను. సెలవులకి," అన్నాడు. తల ఊపాను.

"పద, ఏదైనా తాగుదాం," అన్నాడు.

టీకొట్టు దగ్గర రద్దీగా ఉంది. "ఏం తాగుతావు?" అన్నాడు నాన్న. అని, పెదాలు గట్టిగా బిగించేశాడు. మీసం అదురుతోంది. టీకొట్టు అతను గ్లాసు పట్టుకుని, "త్వరగా చెప్పు తమ్ముడూ, వెనక జనం ఉన్నారు," అన్నాడు.

"ఉండవయ్యా," అన్నాడు నాన్న. "చెప్తాడు."

చెప్పాను. "టీ."

నాన్న నా వైపు వింతగా చూశాడు. "నువ్వు టీ తాగుతావా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

అది చెప్పడానికి చాలాసేపు పట్టింది. అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. నాన్న చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టింది.